అడిగి కట్టించుకున్న షెడ్డులో ఎవరూ నిలబడలేదు: సరిహద్దు పట్టణంలో ఒక సర్వే కథ

ఊరి పేరు రాయడం లేదు. వీధులు, దూరాలు, కొందరి వృత్తులు మార్చాను. జరిగిన పని, అందులో నా పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

చిన్న పట్టణాల్లో జనానికి ముందు ఏం కావాలో, తర్వాత ఏం కావాలో కనుక్కుని మున్సిపాలిటీకి నివేదిక ఇవ్వడం నా పని. చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. ఈ కేసులో నేను వేసిన మొదటి రెండు అడుగులూ మేం శిక్షణ తరగతుల్లో నేర్పేవే. రెండూ తప్పుదారి పట్టించాయి. మూడోది ఏ తరగతిలోనూ నేర్పం. అందుకే రాసిపెడుతున్నాను.

ఊరు

దక్షిణ ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న పట్టణం. జనాభా యాభై వేల లోపు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు కలిసిన ఊళ్ళలో ఇదొకటి. ఆఫీసు ఒడియాలో నడుస్తుంది, బజారు తెలుగులో నడుస్తుంది. ఇంటి దగ్గర 'వీధి' అన్నదే ఇంటిపన్ను రసీదు మీద 'సాహి' అవుతుంది. తెలుగువాళ్ళందరికీ ఒడియా మాట్లాడటం వచ్చు. కానీ యాభై దాటిన ఆడవాళ్ళలో చదవగలిగేవాళ్ళు తక్కువ. పిల్లలేమో ఒడియా బళ్ళో చదువుతారు, వాళ్ళకి తెలుగు అక్షరాలు రావు. అంటే ఏ లిపిలో కాగితం ఇచ్చినా ఇంట్లో సగం మందికి అది పనికిరాదు.

తెల్లారేసరికి ఊళ్ళోంచి చాలామంది సరిహద్దు దాటతారు. ఆడవాళ్ళు ఎక్కువగా జీడిపిక్కల బట్టీలకి, మగవాళ్ళు తాపీ పనికి. పెద్ద జబ్బు చేస్తే బరంపురంలో ఎంకేసీజీకి పోతారు, లేదంటే విశాఖలో కేజీహెచ్‌కి. పెళ్ళి సంబంధాలు రెండు వైపులా ఉన్నాయి. ఈ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

ఎవరి చేతిలో ఏముందో కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు ఇవ్వదగ్గ పనులు 18 ఉన్నాయి. అందులో పదిహేడోది వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు, మరుగుదొడ్లు. బస్టాపు ఉంది గానీ బస్సు ఆ జాబితాలో ఎక్కడా లేదు. ఒడిశా పట్టణాల్లో మంచినీళ్ళను చాలాచోట్ల రాష్ట్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగమే చూస్తుంది, మా ఊళ్ళోనూ అంతే. పెద్ద రోడ్డు ఇంకో శాఖది. కాబట్టి వీధిలో ఒకామె బిందె పట్టుకుని బయటికొచ్చి బస్సెక్కేలోపు నాలుగు ఆఫీసుల పరిధి దాటుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

వార్డు కమిటీలు ఉంటే నా పని సగం తగ్గేది. కానీ రాజ్యాంగంలోని 243ఎస్ ప్రకారం జనాభా మూడు లక్షలు, అంతకుమించి ఉన్న మున్సిపాలిటీలకే అవి తప్పనిసరి.

వచ్చిన సమస్య

మేం వెళ్ళకముందు ఏడాది మున్సిపాలిటీ ఒక సర్వే చేయించింది. 'మీ ప్రాంతానికి ఏ సౌకర్యం కావాలి' అన్న ప్రశ్నకు సరిహద్దు వైపు వీధుల్లో అందరికన్నా ఎక్కువమంది 'బస్సు షెడ్డు' అన్నారు. కట్టారు. రేకుల కప్పు, గ్రానైట్ బల్ల, రంగు, ప్రారంభోత్సవం రోజున బంతిపూల దండలు. నెల తిరక్కుండానే అది ఆటోల స్టాండయింది. ఎండాకాలంలో ఎవరో బల్ల మీద వడియాలు ఎండబెట్టారు. బస్సు కోసం అందులో నిలబడ్డవాళ్ళు లేరు.

ఆఫీసులో పెద్దాయన నన్ను పిలిచి అడిగింది ఒక్కటే. "వాళ్ళు అడిగిందే కట్టాం కదా, ఎందుకు వాడరు?" ఆ గొంతులో కోపంకన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువగా వినిపించింది. వచ్చే ఏడాది డబ్బు ఖర్చుపెట్టేలోపు జనానికి నిజంగా ఏం కావాలో తేల్చమన్నారు. ఆరు వారాలు గడువు.

ఆ డబ్బు సంగతీ చెప్పాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇలాంటి చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతానికి షరతు ఉండేది. సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణకి. మిగతా 40 శాతమే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. షెడ్డు ఆ 40లోంచే కట్టారు. మళ్ళీ అలాంటిదే ఇంకోటి కడితే కౌన్సిల్లో గొడవ తప్పదని వాళ్ళ టెన్షన్.

మొదటి ప్రయత్నం: ఫారం

మళ్ళీ సర్వేయే చేద్దామనుకున్నాను. ఆరు వారాల్లో అంకెలు చేతికొస్తాయి, ఆఫీసు అంకెల్ని నమ్ముతుంది. పాత సర్వేలో ఒకే ప్రశ్న ఉంది. నేను పన్నెండు సౌకర్యాల పేర్లు రాసి, వాటిలో అయిదింటికి వరస నంబర్లు వేయమన్నాను. ఫారం ఒడియాలో అచ్చయింది, అడిగే కుర్రాళ్ళు తెలుగులో చదివి చెప్తారు.

మూడో రోజు ఒక కుర్రాడి వెనక నిలబడి విన్నాను. ఫారంలో 'పరిబహన' అనుంది. అతను చక్కగా 'రవాణా' అన్నాడు. అరుగు మీద కూర్చున్న ముసలామె, "రవాణా అంటే ఏటి బాబూ, రోడ్డా?" అంది. అతను ఒక్క క్షణం ఆలోచించి "ఆఁ, అలాంటిదే" అన్నాడు. రోడ్డుకి రెండో నంబరు పడింది.

బస్సు అని టిక్కు పెట్టినవాళ్ళని కూడా కొందర్ని తిరిగి అడిగాను. ఒకామెకి బస్సంటే చార్జీ. ఇంకొకాయనకి రాత్రి ఎనిమిది తర్వాత బండి లేకపోవడం. కాలేజీ అమ్మాయికి, మెట్టు మీద వేలాడేవాళ్ళ మధ్య నిలబడటం. ఒకే గడిలో మూడు వేరువేరు ఫిర్యాదులు పడ్డాయి.

అన్నీ కూడితే వరస ఇలా వచ్చింది: మురుగు కాలువ, రోడ్డు, నీళ్ళు, బస్సు, దీపాలు. ఇంచుమించు అన్ని వీధుల్లోనూ అదే వరస. ఇది తెలుసుకోవడానికి ఫారం అక్కర్లేదు, టీకొట్టు చాలు. పాత సర్వేలో షెడ్డుకి ఎందుకన్ని ఓట్లు పడ్డాయో కూడా అప్పుడే అర్థమైంది. ఆ వారంలో కౌన్సిలర్ వీధుల్లో తిరిగి, షెడ్డుకి డబ్బుంది, షెడ్డు అడగండి అని చెప్పారట. మోసమేమీ కాదు, ఆయన సదుద్దేశంతోనే చెప్పారు. ఇవ్వగలిగింది ఏదో తెలిస్తే జనం అదే అడుగుతారు. మా ఇంట్లో పిల్లలూ అంతే.

రెండో ప్రయత్నం: చింతపిక్కలు

చదువుతో పనిలేకుండా చేద్దామని, రామమందిరం వసారాలో ఆరు చట్టిలు పెట్టాం. ఒక్కోదాని ముందు ఒక బొమ్మ. కొళాయి, బస్సు, దీపం, కాలువ, మరుగుదొడ్డి, పార్కు. మనిషికి అయిదు చింతపిక్కలు. ఏది ఎక్కువ ముఖ్యమైతే దాంట్లో ఎక్కువ వేయాలి. ఇది ఇదివరకు పల్లెల్లో నాకు బాగా పనిచేసింది, అందుకే ఎంచుకున్నాను. సాయంత్రం ఏడుకి పెట్టాం, అందరూ పనుల నుంచి వస్తారని.

మొదట వీధి పెద్దాయన లేచి అయిదు పిక్కలూ కాలువ చట్టిలో వేశాడు. ఆ తర్వాత వరసగా మగవాళ్ళందరూ కాలువే. ఆడవాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు, పిలిస్తే వచ్చి కొళాయి చట్టిలో గబగబా వేసి వెళ్ళిపోయారు. లెక్కపెడితే కాలువ, కొళాయి సమానంగా ఉన్నాయి. మరుగుదొడ్డి చట్టిలో ఒక్క పిక్క కూడా లేదు.

ఆ రాత్రి లాడ్జి గదిలో నివేదిక చిత్తుప్రతి రాస్తూ, 'పబ్లిక్ మరుగుదొడ్లకు డిమాండ్ లేదు' అని నా చేత్తో రాశాను. మర్నాడు మా టీమ్‌లో పనిచేసే అమ్మాయి చదివి, కాగితం నా ముందు పెట్టి, "సార్, అంతమంది మగవాళ్ళ ముందు మీరైతే వేస్తారా?" అంది. నేను జవాబు చెప్పలేదు. ఆ వాక్యం కొట్టేశాను.

ఆమె ఆ మాట అనకపోయి ఉంటే ఆ వాక్యం అచ్చయి, రెండుమూడేళ్ళు ఆఫీసు ఫైల్లో సాక్ష్యంగా ఉండేది. ఎవరైనా మరుగుదొడ్డి అడిగితే అదే చూపించేవాళ్ళు.

మూడోసారి: నిన్న ఏం చేశారు

అప్పటికి మూడు వారాలు గడిచాయి. మిగిలిన టైంలో 'ఏం కావాలి' అని అడగడం పూర్తిగా మానేద్దామనుకున్నాం. కావాల్సినదాన్ని వరసలో పెట్టడం ఎవరికైనా కష్టమే, నాకూ కష్టమే. కానీ నిన్న ఏం చేశారో చెప్పడం అందరికీ వచ్చు. అందుకని ఆడవాళ్ళని గుమ్మంలోనే కూర్చోబెట్టి, ముగ్గుపిండితో నేల మీద గుండ్రంగా గడియారం గీయించి, నిన్న లేచిన దగ్గర్నుంచి ఎప్పుడు ఎక్కడున్నారో చెప్పమన్నాం. తర్వాత నాలుగు ఉదయాలు మా టీమ్ అమ్మాయి వాళ్ళతో పాటే లేచి, వాళ్ళతోనే నడిచింది. నేను బస్సు తిరిగే చోట నిలబడ్డాను.

మొదటి గడియారంలోనే విషయం బయటపడింది. బట్టీకి వెళ్ళే ఒకామె ఆరింటి దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఇంట్లోంచి పోవాలి" అంది. అదే వేలు కొంచెం పక్కకి జరిపి, "ఇక్కడ కొళాయి వదుల్తారు" అంది. మధ్యలో బెత్తెడు కూడా లేదు.

ఆంధ్ర వైపు నుంచి వచ్చే మొదటి బస్సు మా ఊరి చివర చింతచెట్టు దగ్గర తిరిగి, 6:20కి వెనక్కి వెళ్తుంది. ఆ వీధుల నుంచి అక్కడికి నడక పావుగంట. ఆ వీధులకి నీళ్ళు వదిలేది 6:10కి. అంటే బస్సు అందుకుంటే నీళ్ళుండవు, నీళ్ళు పట్టుకుంటే బస్సుండదు. బస్సు పోతే షేరాటో, దాని చార్జీ బస్సుకి రెట్టింపు. ఆలస్యమైతే బట్టీలో గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తారు. కొందరిళ్ళలో పదేళ్ళ ఆడపిల్ల నీళ్ళకోసం ఆగి బడికి ఆలస్యంగా పోతోంది. నా ఫారంలో నీళ్ళు మూడో గడి, బస్సు నాలుగో గడి. ఆమె ఇంట్లో అవి రెండూ ఒకటే గొడవ.

షెడ్డు గుట్టు కూడా చింతచెట్టు కిందే తెలిసింది. షెడ్డు అక్కడికి నాలుగు వందల మీటర్ల ఇవతల ఉంది. చెట్టు దగ్గర స్థలం రోడ్డు శాఖది, మున్సిపాలిటీ స్థలం దొరికింది ఇక్కడే. "షెడ్డులో ఎందుకు కూర్చోరు పిన్నీ?" అని ఒకావిడని అడిగాను. నన్ను జాలిగా చూసింది. "అక్కడ ఎక్కితే సీటేదీ బాబూ? బండి ఇక్కడే నిండిపోద్ది. ముప్పావుగంట నిలబడి పోయి, మళ్ళీ రోజంతా పిక్కలు కొట్టాలి."

అంతే. ఇన్నాళ్ళూ ఆఫీసులో అందరం జనానికి వాడకం తెలియదు, అవగాహన కల్పించాలి అనుకుంటున్నాం. వాళ్ళు లెక్క వేసుకునే నడుస్తున్నారు.

చెట్టు దగ్గర వాళ్ళకి ఏం లోటుగా ఉందని అడిగితే కప్పు అనలేదు. "చెట్టుంది కదా" అన్నారు. చలికాలంలో ఆ టైంకి ఇంకా చీకటి. ఒక్క దీపం కావాలన్నారు. ఫారంలో 'వీధి దీపాలు' అని ఉంది కదా, దానికి ఎందుకు నంబరు వేయలేదన్నాను. మా వీధిలో దీపం ఉంది కదా అన్నారు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు, ఫారం రాసింది నేనే.

మా టీమ్ అమ్మాయి తెచ్చిన కబురు వేరు. బట్టీకి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్న లేచింది మొదలు మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగరు. తాగితే దారిలో ఇబ్బంది. బజారు స్టాండులో మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం, తాళంచెవి పాన్ షాపు అతని దగ్గర, తలుపు సరిగ్గా షాపు ముందున్న బెంచీకి ఎదురుగా. పొద్దున్నే ఆ బెంచీ మీద పది మంది మగవాళ్ళు పేపరు చదువుతుంటారు. చింతపిక్క పడకపోవడానికి కారణం వెతకడానికి ఇంతకన్నా దూరం వెళ్ళక్కర్లేదు.

బస్సు జరుగుతుందా, నీళ్ళు జరుగుతాయా

ఇక్కడి నుంచి నిర్ణయాలు. రెండు టైములు ఢీకొంటున్నాయి కాబట్టి ఒకదాన్ని కదపాలి.

బస్సుని కదపడం తేలికనిపించింది, ఇరవై నిమిషాలేగా అని. మున్సిపాలిటీ చేత అటువైపు డిపోకి ఉత్తరం రాయించాం. మూడు నెలలైనా జవాబు రాలేదు. జవాబు వచ్చినా పెద్దగా ఒరిగేది ఉండేది కాదని తర్వాత తెలిసింది. ఒక రాష్ట్రం బస్సు ఇంకో రాష్ట్రంలో తిరగాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ప్రకారం రెండో రాష్ట్రం పర్మిట్ మీద ప్రతిసంతకం చేయాలి, దాని వెనక రెండు రాష్ట్రాల ఒప్పందం ఉండాలి. పైగా ఆ బస్సు మా ఊరికోసం పుట్టింది కాదు, అటు నాలుగు ఊళ్ళ టైములకి ముడిపడి ఉంది. మా బట్టీ ఆడవాళ్ళ కోసం జరిపితే అక్కడ ఇంకెవరో బడికో ఆసుపత్రికో ఆలస్యమవుతారు. ఆ ఉత్తరం మీద మేం రెండు వారాలు పోగొట్టుకున్నాం. మున్సిపాలిటీ చేతిలో లేనిదాన్ని ముందు పట్టుకోవడం నా తప్పే.

తర్వాత నీళ్ళ ఇంజినీరు దగ్గరికి వెళ్ళాం. పొద్దున్నే ఇంకో గంట ఎక్కువ ఇవ్వమంటే, ట్యాంకు ఒక్కటే, రాత్రంతా పంపు నడిస్తే నిండేది అంతే అన్నాడు. నిజమే. మురుగునీటి పైపుల వ్యవస్థ లేని పట్టణాల్లో కూడా మనిషికి రోజుకి 70 లీటర్లు అందాలని కేంద్రం 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్‌లోనే ఉంది. ఆ వీధుల్లో బిందెలు లెక్కపెట్టినవాడిగా చెప్తున్నాను, అది దగ్గరదాపుల్లో లేదు. కాబట్టి ఎక్కువ నీళ్ళు అడగడం వదిలేసి, ముందు వెనకల సంగతి అడిగాను. ఒకదాని తర్వాత ఒకటిగా నీళ్ళు వదిలే నాలుగు జోన్లలో మాదెందుకు మూడోది?

ఇంజినీరుకి తెలియదు. ఆయన వచ్చేసరికే అలా ఉంది. వాల్వులు తిప్పే ఆయనని పిలిపించాడు. ఆయన ఒడియా మనిషి, తెలుగు మా కన్నా గడగడా మాట్లాడతాడు. కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. "నేను చేరినప్పుడు సైకిల్ కూడా లేదు సార్. పంపుహౌస్‌కి దగ్గరున్న వాల్వు ముందు, దూరంది వెనక. నడిచేవాణ్ణి కదా." ఇప్పుడు ఆయనకి మోటార్ సైకిలుంది. వరస మాత్రం కాళ్ళ నాటిదే.

మాది మొదట పెట్టేయమని నోటిదాకా వచ్చింది. ఇంజినీరు ఆపాడు. మొదటి జోన్ గట్టు మీదుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఆ ఒత్తిడికి నీళ్ళు అక్కడికి ఎక్కుతాయి. పల్లంలో ఉన్న మా వీధులకి ముందు వదిలితే ట్యాంకు మట్టం దిగిపోయి, గట్టు మీద కొళాయిలు గాలి ఊదుతాయి. ఆయన మాట వినకుండా వీధి సంఘంతో అర్జీ పెట్టించి ఉంటే, ఒక వీధి కష్టం తీర్చి ఇంకో వీధికి తెచ్చిపెట్టేవాళ్ళం, అదీ జనాభిప్రాయం పేరుతో.

మిగిలింది రెండో జోన్, బజారు. వాళ్ళకి 5:30కి వస్తాయి, మాకు 6:10కి. ఈ రెండూ తారుమారు చేస్తే చాలు. దుకాణాలు తెరిచేది ఎనిమిదికి. అభ్యంతరం ఒక్క టిఫిన్ హోటళ్ళ నుంచే వచ్చింది, వాళ్ళకి అయిదున్నరకే నీళ్ళు కావాలి. చాలావాటికి బోర్లున్నాయి. బోరు లేని ఒకాయన మాత్రం గట్టిగా అరిచాడు. ఆయన అరుపులో న్యాయముంది. రాత్రి పట్టి ఉంచుకోవడానికి డ్రమ్ము కొనిస్తామని వ్యాపారుల సంఘం ఒప్పుకుంది. రెండు వారాలు ప్రయోగంగా చేద్దాం, బాగోకపోతే పాత వరసే అని కాగితం మీద రాసుకున్నాం. 'ప్రయోగం' అన్న మాట వల్లే ఆఫీసు సంతకం పెట్టిందని నా నమ్మకం. శాశ్వతంగా మార్చమంటే ఫైలు భువనేశ్వర్ దాకా వెళ్ళేది.

మొదటి రోజు చాలామందికి తెలియలేదు. టాంటాం వేయించాం గానీ నిద్రలో ఎవరు వింటారు. నీళ్ళు వచ్చి కాలువలోకి పోయాయి. రెండో రోజు ఒకళ్ళని ఒకళ్ళు లేపుకున్నారు. వారం తిరిగేసరికి ఆరింటికి బిందెలు నింపి తలుపులేసుకుని బయల్దేరుతున్నారు. రెండు వారాల గడువు ఎప్పుడు అయిపోయిందో ఎవరూ అడగలేదు. ఖర్చు ఒక డ్రమ్ము.

మిగతావి

దీపం వెంటనే అయింది, స్తంభం అక్కడే ఉంది కాబట్టి. చెట్టు కింద రెండు రాతిబల్లలకి రోడ్డు శాఖ అనుమతి రావడానికి దీపానికన్నా ఎన్నో రెట్లు టైం పట్టింది. షెడ్డుని అక్కడికి జరుపుదామని కౌన్సిల్లో ఒకరన్నారు. ఏడాది కిందట కట్టినదాన్ని కూల్చితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలి, పైగా షేరాటోవాళ్ళకి అది అలవాటయింది. వదిలేశాం. ఇప్పుడు దాన్ని ఆటో స్టాండనే అంటున్నారు, అలాగే ఉండనీ.

మరుగుదొడ్డికి పారిశుధ్యం షరతు ఉన్న డబ్బు పనికొచ్చింది, షరతులేని 40 శాతాన్ని ముట్టుకోలేదు. కొత్తది కట్టలేదు. తలుపు పక్కగోడలోకి మార్చారు, ముందు అడ్డుగోడ లేపారు, కొళాయి పెట్టారు. తాళంచెవి పక్కనే పూలమ్మే ఆవిడకి ఇచ్చారు, ఆమె మహిళా సంఘంలో సభ్యురాలు. పొద్దున్నంతా బాగా నడుస్తోంది. కానీ పూలు అమ్ముడయ్యాక రెండింటికి ఆమె ఇంటికి పోతుంది, తలుపుకి తాళం పడుతుంది. సాయంత్రం బట్టీల నుంచి దిగేవాళ్ళకి లేనట్టే. సాయంత్రానికి ఇంకొకరిని పెట్టమని రెండుసార్లు రాశాను. జీతం ఏ పద్దు కింద ఇవ్వాలన్న దగ్గర ఆగింది.

అన్ని వీధుల్లోనూ మొదటి నంబరు వచ్చిన మురుగు కాలువ మాత్రం అలాగే ఉంది. దాని నీళ్ళు పోవాల్సిన దారిలో చెరువు గర్భం ఉంది, దాని మీద కోర్టు కేసులున్నాయి. వీధి లోపల సిమెంటు కాలువ కడితే పై నుంచి నీళ్ళు ఇంకా వేగంగా వచ్చి కింద ఇళ్ళలో చేరతాయి. కట్టొద్దని నివేదికలో రాశాను. నా మీద కోపం ఉన్నవాళ్ళు ఆ వీధిలో ఉన్నారు. చట్టిలో అయిదు పిక్కలూ వేసిన పెద్దాయన నేను ఎదురుపడితే ఇప్పటికీ పలకరించడు.

పద్ధతిలో మార్చుకున్నవి

ఇప్పుడు నా ఫారంలో సౌకర్యాల జాబితా లేదు. నిన్నటి రోజు ఉంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడ ఆగాల్సి వచ్చింది, ఎంతసేపు, ఎంత ఖర్చయింది, అంతే. గుంపులో ఓటు వేయించడం మానలేదు గానీ, ఆడవాళ్ళకి వేరే పూట, వేరే చోటు, ఆడమనిషే అడగాలి. సున్నా వచ్చిన గడిని ఇప్పుడు అన్నిటికన్నా ముందు అనుమానిస్తాను. ఏ ఆఫీసుకైనా వెళ్ళేముందు తాళాలు, వాల్వులు, స్విచ్చులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళతో ఒక టీ తాగుతాను. ఈ కేసులో అందరికన్నా పనికొచ్చిన మాట చెప్పినాయన్ని నేను కలిసింది ఆరో వారంలో. మొదటి రోజే కలిసి ఉంటే బడికి ఆలస్యమయ్యే ఆడపిల్లలకి కొన్ని రోజులు కలిసొచ్చేవి.

కేసు మళ్ళీ తెరుచుకోవడం

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ రాష్ట్రంలో ఉన్నట్టు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. అంతర్రాష్ట్ర సర్వీసులకు అది లేదు. చింతచెట్టు దగ్గర తిరిగే మా బస్సు అంతర్రాష్ట్రమే అన్నారు. కానీ సరిహద్దు దాటి కొంచెం నడిస్తే అటువైపు ఊళ్ళో పల్లెవెలుగు దొరుకుతుంది.

ఆ తర్వాత ఒక పొద్దున్న ఆ వైపు వెళ్ళాను. దీపం కింద ఒకే ఇంటి ఆడవాళ్ళు ఇద్దరు, వదినా ఆడపడుచూ, విడిపోతూ కనిపించారు. వదిన ఆంధ్ర నుంచి వచ్చిన కోడలు, ఆధార్‌లో పుట్టింటి అడ్రసు ఎప్పుడూ మార్చుకోలేదు. ఆమెకి జీరో టికెట్టు. ఆడపడుచుది ఒడిశా ఆధార్, డబ్బులు కట్టాల్సిందే. వదిన అటు నడుస్తోంది, ఆడపడుచు రాతిబల్ల మీద కూర్చుంటోంది. రోజూ వదినని దీపం దాకా సాగనంపుతుందేమో అనుకున్నాను. కాదట, ఆ రోజు నీళ్ళు సెలవు, అందుకే ఇద్దరూ కలిసొచ్చారు. అటువైపు బస్సు అందుకోవాలంటే మామూలు రోజుల్లో వదిన ఇంట్లోంచి అయిదున్నరకే బయల్దేరాలి. కొళాయి వచ్చేది అయిదున్నరకి.

"మరి బిందెలెవరు పడుతున్నారమ్మా?" అని అడిగాను.

"ఇదిగో, మా ఆడపడుచే పడుతోంది బాబూ. నాకు మిగిలిన చార్జీలో సగం దీనికి ఇచ్చేస్తన్నాను."

"సగమేటి," అంది బల్ల మీద కూర్చున్నామె. "నిన్నటిది ఇంకా ఇవ్వలేదు."